తాకట్టు కొట్టు పెట్టాలన్నా, పాత సామాన్లు కొనాలన్నా: లైసెన్సు నుంచి పద్దు పుస్తకం దాకా

జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలిన వారం నుంచి మా వైపు తాకట్టు కొట్ల గుమ్మాల ముందు చెప్పులు పెరుగుతాయి. సార్వా దమ్ములకి, ఎరువులకి, పిల్లల కాలేజీ ఫీజులకి నానుతాళ్ళూ గాజులూ లోపలికి వెళ్తాయి. సంక్రాంతి ముందు కొన్ని, దాళవా ధాన్యం డబ్బులు పడ్డాక మరికొన్ని బయటికొస్తాయి. చెరువులవాళ్ళ లెక్క వేరు. మేతకి డబ్బు కావలసినప్పుడల్లా వస్తారు, రొయ్య పట్టినప్పుడల్లా విడిపిస్తారు.

పాలకొల్లు దగ్గర ఇలాంటి ఒక కొట్టులో పద్దెనిమిదేళ్ళు గుమాస్తాగా పద్దులు రాశాను. ఇప్పుడు కొత్తగా కొట్టు పెట్టేవాళ్ళకి కాగితాలు సర్దిపెడుతుంటాను. వచ్చినవాళ్ళంతా మొదట అడిగేది ఒకటే: "లైసెన్సుకి ఎంతవుద్దండీ?" ఆ పని తేలికే. అసలు కష్టం కొట్టు తెరిచాక మొదలవుతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషిని "ఇది ఎవరిదండీ?" అని మొహమాటం లేకుండా అడగాలి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ఆ ప్రశ్న అడగలేనివాళ్ళు ఈ వ్యాపారంలోకి దిగకపోతేనే మేలు.

మొదట: మీది ఏ వ్యాపారమో తేల్చుకోండి

జనం నోట అన్నీ "వడ్డీ కొట్టే". చట్టం ముందు మాత్రం మూడూ వేరు. వస్తువు చేతికి తీసుకుని, దాని మీద అప్పిచ్చి, అప్పు తీరగానే వస్తువు తిరిగి ఇచ్చేది తాకట్టు. ప్రామిసరీ నోటు మీద ఇచ్చేది వడ్డీ వ్యాపారం, దానికి వేరే లైసెన్సు. వస్తువుని పూర్తిగా కొనేసి లాభానికి అమ్ముకునేది పాత సామాన్ల వ్యాపారం. ఒకే గదిలో మూడూ చేస్తే మూడింటి కాగితాలూ ఉండాలి, మూడు పద్దులూ వేరుగా ఉండాలి.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 172వ సెక్షను ప్రకారం తాకట్టు అంటే అప్పుకి హామీగా కదిలించగల వస్తువుని అప్పగించడం. అంచేత పొలం పాస్‌బుక్కు పెట్టెలో పెట్టుకుని అప్పిస్తే అది తాకట్టు కిందకి రాదు. రేషన్ కార్డు, ఏటీఎం కార్డు, పింఛను పుస్తకం పెట్టుకోవడమైతే అసలు చేయకూడని పని. అప్పిచ్చినవాడికి వాటితో వచ్చే హక్కంటూ ఏమీ లేదు, కేసు మాత్రం వస్తుంది.

ఇంకో పాత అలవాటు కూడా చెప్పాలి. చీటీ మీద "అమ్మితిని" అని రాయించుకుని, నోటితో "ఆర్నెల్లలో తెచ్చుకోండి, ఇచ్చేస్తాం" అంటారు. తాకట్టు నిబంధనలు తప్పించుకోవడానికి వేసే ఎత్తు ఇది. గొడవ కోర్టుకెళ్తే చీటీ మీది మాట ఒక్కటే చూడరు, అసలు జరిగింది అప్పా అమ్మకమా అని చూస్తారు. ఆ పని చేయకండి.

కాగితాలు, ఈ వరసలో

తాకట్టు లైసెన్సు రెవెన్యూ శాఖ పని. మీ మండలం తహసీల్దారు ఆఫీసులో గాని, మీసేవలో గాని మొదలుపెట్టండి. ఆధార్, పాన్, ఫొటోలు, కొట్టు మీదైతే ఇంటిపన్ను రశీదు, అద్దెదైతే అగ్రిమెంటు, రుసుము కట్టిన చలానా ఒక ఫైలులో పెట్టుకుని వెళ్ళండి. రుసుము ఎంతో ఏజెంటు నోట వినకండి, కౌంటరు దగ్గర అడిగి రశీదు తీసుకోండి.

ఈ లైసెన్సు పద్ధతి మనకి ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1943లో, మద్రాసు పాన్‌బ్రోకర్ల (తాకట్టు వ్యాపారుల) చట్టం వచ్చింది. లైసెన్సు, తాకట్టు చీటీ, లెక్కల పుస్తకం, వడ్డీకి హద్దు, విడిపించని వస్తువుకి వేలం: ఈ అయిదు మేకుల మీదే అప్పటినుంచీ వ్యవహారమంతా వేలాడుతోంది.

లైసెన్సు మీద ఏ చిరునామా ఉంటే అక్కడే వ్యాపారం. కొట్టు పక్క వీధికి మార్చినా ముందు కాగితం మారాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక రాజోలు వాళ్ళకి కలెక్టరేటు అమలాపురం అయింది, పాలకొల్లు వాళ్ళకి భీమవరం. పాత లైసెన్సు మీద పాత జిల్లా పేరే ఉంటే రెన్యువల్ అప్పుడు సరిచేయించుకోండి. రెన్యువల్‌కి గడువు తేదీ దాకా ఆగకండి. నెల ముందే కాగితం పెట్టి, పెట్టినట్టు రశీదు లైసెన్సు వెనకాలే అంటించుకోండి.

రెండోది స్థానిక సంస్థ. పట్టణమైతే మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, పల్లెయితే పంచాయతీ అనుమతి. మూడోది కార్మిక శాఖ. 1988 నాటి రాష్ట్ర షాపుల చట్టం కింద కొట్టు తెరిచిన 30 రోజుల్లోపు రిజిస్ట్రేషను. వృత్తిపన్ను కూడా అప్పుడే చూసుకోండి. ఇవన్నీ ఫారాల పని, ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

కాటా సంగతి మాత్రం వదలకండి. బంగారం తూచే కాటాకి తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి, ఏటేటా పరీక్ష చేయించాలి. ముద్రలేని కాటాతో తూచి చీటీ మీద రాసిన బరువు రేపు వివాదంలో నిలబడదు.

లాకరు గురించి కూడా ఇక్కడే. డెల్టాలో చాలామంది బరువని లాకరుని నేలకి ఆనించి బిగిస్తారు. లంక గ్రామాల దగ్గర కొట్టు ఉన్నవాళ్ళు 1986 ఆగస్టు వరదని చూసిన పెద్దవాళ్ళని అడిగి, నీళ్ళు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో గుర్తుపెట్టుకుని, దానికి పైన దిమ్మ కట్టించి పెట్టుకోవాలి. కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను ప్రకారం మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, తాకట్టు వస్తువునీ అంత జాగ్రత్తగా చూడాలి. ఆ జాగ్రత్త తీసుకున్నాక కూడా పోతే బాధ్యత ఉండదంటుంది 152వ సెక్షను. తీసుకున్నామని చూపించే భారం మాత్రం మనమీదే పడుతుంది. ఇన్సూరెన్సు పాలసీలో తాకట్టు వస్తువులు కూడా ఉన్నాయో లేదో చదవండి. చాలా పాలసీలు కొట్టు సొంత సరుకుకే ఉంటాయి.

కౌంటరు దగ్గర: అడగాల్సినవి, రాయాల్సినవి

వస్తువు తెచ్చిన మనిషి ఎవరన్నది మొదటి ప్రశ్న. ఆధార్ నకలు తీసుకోవడం అందరూ చేస్తారు. ఫొటోని ఎదురుగా ఉన్న మొహంతో పోల్చి చూసేవాళ్ళు తక్కువ. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ దగ్గర ఏదీ తీసుకోకండి. మైనరుతో ఒప్పందం చెల్లదని 1903లోనే, అప్పట్లో మనకి పై కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ తేల్చేసింది. తాగి వచ్చినవాళ్ళని మర్నాడు రమ్మనండి. అలా పంపేస్తే సగంమంది మళ్ళీ రారు, రాకపోవడమే మంచిది.

ఒకసారి మా కొట్టుకి ఇరవయ్యేళ్ళ కుర్రాడు జూకాలు తెచ్చాడు. "మా నానమ్మవండీ, ఆసుపత్రిలో ఉందండీ, అర్జంటండీ" అన్నాడు. యజమాని కరిగిపోయి డబ్బు లెక్కపెడుతున్నారు. నేను "నానమ్మగారితో ఫోన్లో ఒక్క మాట మాట్లాడించు బాబూ" అన్నాను. ఫోను కలిసింది. ఆవిడ ఆసుపత్రిలో లేదు, ఇంట్లో జూకాల కోసం పెట్టె వెతుక్కుంటోంది. ఆ ఒక్క ఫోను మా కొట్టుని పోలీసు స్టేషను మెట్లు ఎక్కకుండా కాపాడింది.

ఆడవాళ్ళ నగలు మగవాళ్ళు తెస్తే ఆవిడనీ రమ్మనండి. రాలేకపోతే ఫోన్లో మాట్లాడి, ఏ నంబరుతో ఎన్ని గంటలకి మాట్లాడారో పద్దులో రాయండి. "మా ఆవిడవే కదండీ, నాకు హక్కు లేదా?" అని కోప్పడేవాళ్ళుంటారు. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం ఆవిడ స్త్రీధనం, భర్తది కాదు. ఆ మాట గట్టిగా అనకుండా, "మా రూలండీ, ఏమనుకోకండి" అంటే పని జరిగిపోతుంది.

నగ మీద కొత్త హాల్‌మార్కు ఉంటే అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగ ఒక్కదానికే ఇచ్చిన నంబరు, ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమ్మే హాల్‌మార్కు నగకి అది తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ రకం నగ, ఎంత స్వచ్ఛత, ఎక్కడ హాల్‌మార్కు వేశారు అన్నది వస్తుంది. యాప్‌లో గాజు అని ఉండి చేతిలో గొలుసు ఉంటే ఆగిపోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ నంబరు బంగారం నాణ్యత చెబుతుందే గాని యజమాని పేరు చెప్పదు. కొన్న బిల్లు ఉంటే అడగండి. అమ్మమ్మ కాలం నాటి కాసులపేరుకి బిల్లు ఎక్కడుంటుందంటారా? ఉండదు. అప్పుడు "మా అమ్మమ్మ ఇచ్చింది" అన్న మాటే వాళ్ళ సంతకంతో పద్దులో ఉండాలి.

బరువు రెండు సార్లు రాయండి, మొత్తం బరువూ నికర బరువూ. మూడు కాసుల గొలుసంటారు, అంటే 24 గ్రాములు. అందులో రాళ్ళు, లక్క, దారం తీస్తే బంగారం 22 గ్రాములే ఉండొచ్చు. తరుగు ఎంత తీశారో కస్టమరు కళ్ళముందే తూచి చెప్పండి. విడిపించే రోజు "మా గొలుసు బరువు తగ్గిందండీ" అన్న మాట నూటికి తొంభైసార్లు ఈ రెండు బరువుల తికమక వల్లే వస్తుంది.

చీటీ మీద ఏముండాలి: వరస నంబరు, తేదీ, పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఫోను, వస్తువు వర్ణన, రెండు బరువులు, స్వచ్ఛత, కట్టిన విలువ, ఇచ్చిన అసలు, వడ్డీ రేటు, గడువు. వర్ణన అంటే "బంగారు గొలుసు 1" అని రాసి ఊరుకోవడం కాదు. "రెండు పేటల నాను, కొక్కెం దగ్గర అతుకు, ఎర్రరాయి లాకెట్టు, ఒక రాయి లేదు" అని రాయాలి. వస్తువుని కాటా మీద పెట్టి, అంకెలు కనబడేలా ఫొటో తీసి చీటీ నంబరుతో దాచండి. ఒక నకలు కస్టమరుకి, ఒకటి వస్తువు కవరులో, పద్దు రిజిస్టరులో. రిజిస్టరు పేజీలకి ముందే నంబర్లు వేయండి. కొట్టివేత ఉంటే పక్కన పొట్టి సంతకం పెట్టండి, తెల్ల సిరా పూయకండి. చదువురానివాళ్ళకి చీటీ తెలుగులో చదివి వినిపించి, వినిపించినట్టు రాసి వేలిముద్ర తీసుకోండి.

బండి తాకట్టు పెట్టుకుంటామంటే ముందు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. ఫైనాన్సు కంపెనీ పేరు కనిపిస్తే ఆ బండి అప్పటికే ఒకచోట తాకట్టులో ఉన్నట్టే.

డబ్బు, వడ్డీ

20,000 రూపాయలు, ఆపైన అప్పు నగదుగా ఇవ్వకండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అంత మొత్తం అప్పు బ్యాంకు ద్వారానే కదలాలి. తిరిగి కట్టేటప్పుడు అసలూ వడ్డీ కలిపి ఆ అంకెకి చేరినా అంతే. ఇందులో ఉన్న తిరకాసు చాలామందికి తెలీదు. జరిమానా పడేది అప్పు తీసుకున్నవాళ్ళ మీద, నగదుగా తిరిగి కట్టినవాళ్ళ మీద. రెండుసార్లూ ఆ మనిషి మీ కస్టమరే, జరిమానా ఆ అప్పంత ఉండొచ్చు. "రైతుకి ఇవన్నీ ఉండవండీ" అంటారు. ఇచ్చేవాళ్ళకీ తీసుకునేవాళ్ళకీ ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరికీ పన్ను కట్టాల్సిన ఆదాయం లేనప్పుడే ఆ మినహాయింపు. కొట్టు నడిపేవాళ్ళకి అది వర్తించదు.

వడ్డీకి ప్రభుత్వం పెట్టిన హద్దు ఎంతో లైసెన్సు తీసుకునే రోజునే రాయించుకుని, పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. మన జనం లెక్క నూటికి నెలకి ఇన్ని రూపాయలని. రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి నూటికి 18. 50,000 మీద నెలకి 750. చీటీ మీద నెల లెక్కా ఏడాది లెక్కా రెండూ రాయండి.

మొదటి నెల వడ్డీ కోసుకుని మిగతాది చేతిలో పెట్టి, చీటీ మీద పూర్తి అసలు రాయడం మా వైపు పాత జబ్బు. చేతికి 49,250 ఇచ్చి 50,000 అని రాస్తే ఆ చీటీయే మీకు ఎదురు సాక్ష్యం. అలాగే "మూడు రోజులు దాటితే నెల వడ్డీ" పద్ధతి. పెట్టుకుంటే చీటీ మీద ముందే అచ్చు వేయించి చెప్పండి. నన్నడిగితే రోజుల లెక్కే మంచిది. నాలుగు రోజుల వడ్డీ దగ్గర పడ్డ పేచీతో పోయిన కస్టమరు పక్క వీధికి వెళ్తే మళ్ళీ రారు.

బ్యాంకులతో, గోల్డ్ లోన్ కంపెనీలతో పోటీ మీకెలాగూ తప్పదు. వాళ్ళకి రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి. 2025 జూన్‌లో వచ్చిన ఆదేశాల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. అప్పు తీరాక నగ ఏడు పనిదినాల్లో ఇవ్వకపోతే, తప్పు వాళ్ళదైతే, రోజుకి 5,000 రూపాయలు కట్టాలి. అవి లైసెన్సు కొట్లకి వర్తించవు. కానీ కస్టమరు ఆ మాట విని వస్తాడు, అడుగుతాడు. అప్పు తీరిన గంటలోనే నగ చేతిలో పెట్టగలగడం చిన్న కొట్టుకి ఉన్న బలం, దాన్ని పోగొట్టుకోకండి.

గడువు దాటితే

గడువు దాటిన మర్నాడే వస్తువు మీదైపోదు. ఇది చాలామంది కస్టమర్లకే కాదు, యజమానులకీ ఎక్కదు. కాంట్రాక్టు చట్టం 176వ సెక్షను ప్రకారం అమ్మే ముందు తగిన వ్యవధి ఇచ్చి నోటీసు ఇవ్వాలి. "నోటీసు అక్కర్లేదు" అని చీటీ వెనక అచ్చు వేయించుకున్నా చెల్లదు. నోటీసు రిజిస్టరు పోస్టులో పంపి రశీదు దాచండి. ఆపైన ఫోను చేయండి. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నవాళ్ళ తాలూకు నగలైతే ఇక్కడి ఇంటి చిరునామాకీ పంపండి, వాట్సాప్‌లోనూ పెట్టండి.

177వ సెక్షను ఇంకా ముఖ్యం. నిజంగా అమ్ముడయ్యే క్షణం దాకా విడిపించుకునే హక్కు కస్టమరుకి ఉంటుంది. గడువు దాటినందువల్ల అయిన ఖర్చులు కట్టాలంతే. వేలం పాట మొదలవబోతుండగా డబ్బు పట్టుకుని పరిగెత్తుకొచ్చినా ఇచ్చేయాలి.

తాకట్టుకి వచ్చిన వస్తువుని మీరే కొనుక్కోవడం కుదరదు. తాకట్టు పెట్టుకున్నవాళ్ళు తమకి తామే అమ్ముకుంటే అది అమ్మకం కాదని 2022లో సుప్రీం కోర్టు మళ్ళీ చెప్పింది. బావమరిది పేరు మీద కొనడం కూడా అదే బాపతు. అమ్మకం లైసెన్సు నిబంధనల్లో చెప్పిన పద్ధతిలో, నలుగురికీ తెలిసేలా జరగాలి. అప్పు, వడ్డీ, ఖర్చులు పోను మిగిలిన ప్రతి రూపాయీ కస్టమరుది. తక్కువ పడితే మిగతా బాకీ వాళ్ళ మీదే ఉంటుంది. బంగారం ధర ఇలా పెరుగుతున్న రోజుల్లో మిగులే ఎక్కువసార్లు వస్తుంది. ఆ మిగులుని మింగేసిన కొట్లు మా చిన్నప్పుడు చాలా ఉండేవి.

పాత సామాన్ల కొట్టు పెట్టేవాళ్ళకి

మీకు తాకట్టు చట్టం అడ్డు లేదు, కానీ ప్రమాదం ఎక్కువ. తాకట్టు పెట్టినవాళ్ళు మళ్ళీ రావాలి కాబట్టి కొంచెమైనా నిజం చెబుతారు. అమ్మేసినవాళ్ళు ఇక కనబడరు. ట్రేడ్ లైసెన్సు, షాపుల రిజిస్ట్రేషను పైన చెప్పినట్టే. సరుకుల టర్నోవరు ఏడాదికి 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషను. పాత వస్తువులకి ఒక వెసులుబాటు ఉంది: కొన్నదాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోకపోతే లాభం మీదే పన్ను. పాత ఫ్రిజ్ 4,000కి కొని 5,500కి అమ్మితే లెక్కకి వచ్చేది 1,500. అది చూపించాలన్నా కొనుగోలు పద్దు కావాలి.

కొన్న ప్రతి వస్తువుకీ అమ్మినవాళ్ళ పేరు, గుర్తింపు కార్డు నకలు, వస్తువు సీరియల్ నంబరు, ఇచ్చిన ధర, సంతకం రాయండి. బరువు మీద కొనే ఇనుముకి కూడా రాయాలా అంటే, రాయాలి. వీధుల్లో తిరిగి సామాను తెచ్చేవాళ్ళు రోజూ వచ్చేవాళ్ళే అయినా పద్దులో రోజుకొక వరస రాయండి.

డెల్టాలో ముందు భయపడాల్సింది రాగి తీగకి. పొలం మోటార్ల తీగలు, చెరువుల దగ్గర ఏరియేటర్ల తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలు రాత్రికి రాత్రి మాయమవుతాయి. పైతొడుగు కాల్చేసి నల్లబడ్డ రాగి ముద్ద తెచ్చారంటే ఎవరో ఆనవాలు చెరిపేశారని అర్థం. ఇల్లు వైరింగు మార్పించినవాళ్ళు తీగని కాల్చుకుని తేవాల్సిన అవసరమేముంది? విద్యుత్ లైన్ల సామాను దొంగతనం మీద 2003 నాటి విద్యుత్ చట్టంలో 136వ సెక్షను ఉంది. ఆ దొంగసొత్తు కొన్నవాళ్ళకి విడిగా 137వ సెక్షను ఉంది, మూడేళ్ళ దాకా జైలు. రైలు పట్టా ముక్క, ఫిష్‌ప్లేటు (పట్టాలని కలిపే ఇనప పలక), రైల్వే బోల్టులు ఇంకా ఘోరం. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద అవి మీ దగ్గర దొరికి అనుమానం వస్తే, సక్రమంగా వచ్చాయని నిరూపించుకోవాల్సింది మీరే. మొదటిసారికే అయిదేళ్ళ దాకా పడొచ్చు. కాలువ లాకుల తలుపుల ఇనుము, గ్యాసు సిలిండరు తూకానికి కూడా ఎక్కించకండి. సిలిండరు కంపెనీది, డిపాజిటు కట్టి వాడుకునేవాళ్ళది కూడా కాదు.

ఇత్తడి సామాను కొనేటప్పుడు బిందెలు, గంగాళాలు సరే. విగ్రహం, గంట, దీపస్తంభం, తాళపత్రాలు వస్తే చేయి వెనక్కి తీసుకోండి. వందేళ్ళు దాటిన విగ్రహం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి వస్తుంది. వాటిని కొని అమ్మడానికి పురావస్తు శాఖ లైసెన్సు కావాలి. చేతిరాత గ్రంథాలకి డెబ్బై అయిదేళ్ళే చాలు. పునాది తవ్వుతుంటే దొరికిన నాణేలంటే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం గుర్తు చేసి, కలెక్టరుకి అప్పగించమని చెప్పి పంపేయండి.

పాత ఫోను కొనేముందు *#06# నొక్కి పదిహేను అంకెల ఐఎంఈఐ (ఆ ఫోను గుర్తింపు నంబరు) చూడండి. సంచార్ సాథీ పోర్టల్‌లో అది కొడితే దొంగిలించిందని బ్లాక్ చేశారో లేదో తెలుస్తుంది. పెట్టె మీది నంబరూ ఫోన్లో వచ్చే నంబరూ కలవకపోతే ధర ఎంత తక్కువైనా వద్దు.

పాత బళ్ళ వ్యాపారానికి వేరే అనుమతి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ళు కొని అమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర ఫారం 29ఏతో దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాలి, అది అయిదేళ్ళు ఉంటుంది. బండి మీ దగ్గరికి చేరగానే ఫారం 29సీ కింద తెలియజేస్తే, అది అమ్ముడయ్యేదాకా బాధ్యత మీది అవుతుంది. పాత యజమానికి ఊరట, మీకు బరువు. అయినా అదే న్యాయం. సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు కట్టలు కట్టి పెట్టుకునే రోజులు పోయాయి.

పోలీసులు వచ్చిన రోజు

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒకరోజు వస్తారు. సంకెళ్ళు వేసిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి "వీడు మీకు అమ్మాడంట" అంటారు. కంగారుపడకండి, వస్తువు దాచకండి, లేదని అబద్ధమాడకండి. దొంగసొత్తు అని తెలిసి గాని, నమ్మడానికి కారణం ఉండి గాని నిజాయితీ లేకుండా తీసుకుంటేనే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం, మూడేళ్ళ దాకా. అదే పనిగా చేస్తున్నారని తేలితే శిక్ష యావజ్జీవం దాకా వెళ్ళొచ్చు. ఇక్కడే ఆ పద్దు రిజిస్టరు మాట్లాడుతుంది. ఆరోజు ఎవరు తెచ్చారు, ఏం చెప్పారు, మీరు ఏమడిగారు, ధర బజారు ధరకి దగ్గరగా ఉందా అన్నది అందులో కనబడాలి. సగం ధరకి కొన్న వస్తువుని ఏ రిజిస్టరూ కాపాడదు.

వస్తువు తీసుకెళ్తుంటే పంచనామా నకలు అడగండి. అందులో వస్తువు వర్ణన, బరువు మీ చీటీతో సరిపోతోందో సంతకం పెట్టకముందే చూడండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. తీస్తున్నారా అని మర్యాదగా అడగొచ్చు. రిజిస్టరు మొత్తం పట్టుకెళ్తామంటే కావలసిన పేజీల నకళ్ళ మీద సంతకం పెట్టి ఇస్తామనండి. తప్పదంటే పేజీల లెక్కతో రశీదు తీసుకుని, ఇవ్వకముందే మొత్తం ఫొటోలు తీసుకోండి. రిజిస్టరు లేని వారంలో విడిపించుకోవడానికి వచ్చేవాళ్ళకి లెక్క చెప్పాలి కదా.

దొంగసొత్తు అని తేలితే వస్తువు అసలు యజమానిదే, మీరు మంచి మనసుతో తీసుకున్నా సరే. ఇచ్చిన డబ్బు తెచ్చినవాడి దగ్గర వసూలు చేసుకోవలసిందే. కేసు నడుస్తుండగా వస్తువుని తాత్కాలికంగా అప్పగించమని కోర్టుని అడిగే దారి ఉంది. వస్తువులు ఏళ్ళ తరబడి స్టేషన్లలో పడి ఉండకూడదని 2002లోనే సుప్రీం కోర్టు చెప్పింది. ఆ దరఖాస్తుకి లాయరుని పెట్టుకోండి.

చీటీ పోయిందని వస్తే, మనిషే పోయారని వస్తే

చీటీ పోవడం మామూలే. ఆధార్, సంతకం రిజిస్టరుతో పోల్చి, పోయినట్టు రాతపూర్వకంగా తీసుకుని, పాత నంబరు ఎదురుగా "నకలు ఇవ్వబడింది" అని రాసి కొత్తది ఇవ్వండి. నకలు ఇచ్చిన రోజే నగ కూడా ఇచ్చేయకండి; మర్నాడు రమ్మని, ఈలోగా రిజిస్టరులో ఉన్న ఫోనుకి చేసి మాట్లాడండి. చీటీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి నగ ఇవ్వడం కూడా తప్పే. చీటీ ఇచ్చి పంపామని పెట్టినవాళ్ళు చెప్పాలి, తీసుకెళ్ళేవాళ్ళ సంతకం ఉండాలి.

పెట్టిన మనిషి చనిపోయి పిల్లలు వస్తే మరణ ధ్రువపత్రంతో పాటు తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. అందులో నాలుగు పేర్లుంటే నలుగురి సంతకాలూ కావాలి. పెద్దకొడుకు ఒక్కడే వచ్చి "మా చెల్లెళ్ళకి తెలుసండీ" అంటే, ఆ చెల్లెళ్ళకే ఫోను చేయమనండి. ఎవరైనా ఒప్పుకోకపోతే వాళ్ళలో వాళ్ళు తేల్చుకునేదాకా, లేదా కోర్టు చెప్పేదాకా నగ లాకరులోనే ఉంచండి. వచ్చారని, ఎందుకు ఇవ్వలేదని ఆ తేదీ కింద రెండు వాక్యాలు రాసి, వచ్చినవాళ్ళ చేత కూడా సంతకం పెట్టించండి.